నాటకరంగమునుండి కెమెరా ముందునకు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



నాటకమనిన మన పల్లెలలో ఎంత మక్కువయో వేరుగ చెప్పనక్కరలేదు. హరిశ్చంద్రుడు కాటిసీనులో పద్యమెత్తుకొని రాగము సాగదీయుచుండగా, పందిరిక్రింద చాపలపై కూర్చున్న జనము ఊపిరి బిగబట్టి విందురు. పద్యము ముగియగానే "వన్స్‌మోర్" అని కేక పుట్టును. చితి ప్రక్కన నిలిచిన నటుడు నిలిచినట్లే అదే పద్యమును మరింత గమకముతో మరల పాడును. పద్యము పండకపోయినచో జనము దగ్గుదురు, కదలుదురు, ప్రక్కవానితో మాటలాడుదురు, బీడీలు వెలిగింతురు. ఆ సంగతియు నటునికి వెంటనే తెలియును. తెలిసి గొంతు మార్చును, నడక మార్చును. ఒక్కొక్కప్పుడు రెండు పద్యములు మ్రింగివేసి ముందునకు సాగిపోవును. నాటకమును వ్రాసినవాడు కవియే యైనను, ఆ రాత్రి దానిని నడపువారు ఇద్దరు: వేదికపై నటుడు, చాపపై ప్రేక్షకుడు.

ఇట్టి నటుని యెదుటనుండి ప్రేక్షకులను తొలగించి, వారి స్థానమున మూడుకాళ్లపై ఒక పెట్టెను నిలిపినచో అతడేమగును? ఆ పెట్టె నవ్వదు, ఏడ్వదు, దగ్గదు, చప్పట్లు చరవదు. 1895 డిసెంబరు 28 వ తేదీన పారిస్ నగరమున లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చలనచిత్రములను ప్రదర్శించిన నాటినుండి ఈ ప్రశ్న దేశదేశముల నాటకనటులకు ఎదురగుచునే వచ్చినది. ఎదుర్కొన్నవారిలో లోకమెల్ల ఎరిగినవాడు చార్లీ చాప్లిన్. లోకము ఆయనను సినిమా మనిషిగానే తలచును. కాని ఇరువది నాలుగేండ్ల వయస్సు వచ్చువరకు ఆయన అచ్చమైన రంగస్థల నటుడు. 1914 వ సంవత్సరారంభమున ఆయన తొలి లఘుచిత్రములో నటించినప్పుడు జరిగినదేమి, కోల్పోయినదేమి, నేర్చినదేమి అనునదియే ఈ ప్రసంగమునకు విషయము.

చార్లెస్ స్పెన్సర్ చాప్లిన్ 1889 ఏప్రిల్ 16 న జన్మించెను. పెరిగినది లండను నగరపు దక్షిణభాగమునందలి పేదవాడలలో. తల్లియు తండ్రియు "మ్యూజిక్ హాలు" లనబడు వినోదశాలలలో పాటలు పాడి జీవించినవారే. తండ్రి త్రాగుడువలన చెడి 1901 లో మరణించెను. తల్లి మతి చలించి ఆసుపత్రుల పాలయ్యెను. అంతకు ముందే, ఒక రాత్రి వేదికపై ఆమె గొంతు పోగా, ఐదేండ్ల చార్లీని ఆమెకు బదులు వేదిక నెక్కించిరట. బాలుడు పాడుచుండగా జనము చిల్లర నాణెములు విసరిరి. బాలుడు పాట నాపి, ముందు డబ్బు లేరుకొని తరువాత పాడుదునని ప్రకటించెను. జనము గొల్లున నవ్విరి. ఈ సంగతిని ఆయన 1964 లో వెలువడిన స్వీయచరిత్రమున వ్రాసికొన్నాడు. ఆయన విద్య ఆ రాత్రియే ఆరంభమైనదనవచ్చును. జనము ఎందుకు నవ్వుదురో ఎరుగుటయే ఆ విద్య.

తరువాత ఆయన బాలుర నృత్యబృందమున ఆడెను. "షెర్లాక్ హోమ్స్" నాటకములో బిల్లీ అను పనికుఱ్ఱవాని వేషము కట్టి ఊరూర తిరిగెను. 1908 లో ఫ్రెడ్ కార్నో నాటకసమాజమున చేరెను. కార్నో సమాజమువారి హాస్యఘట్టములలో మాట తక్కువ, ఆంగికము ఎక్కువ. ఒక్కొక్క ఘట్టమును నెలల తరబడి సాధన చేయుదురు. ప్రతిరాత్రి జనము నవ్విన చోటును, నవ్వని చోటును కనిపెట్టి సరిదిద్దుకొందురు. పడుట, లేచుట, తట్టుకొనుట, తప్పించుకొనుట ఇవన్నియు తాళము తప్పని నృత్యమువలె కుదురువరకు విడువరు.

ఆ సమాజమున చాప్లిన్‌కు పేరు తెచ్చినది ఒక త్రాగుబోతు పెద్దమనిషి వేషము. ఆ ఘట్టములో వేదికపైననే మఱియొక చిన్న వేదిక యుండును. దానిపై నాసిరకపు పాటలు, గారడీలు సాగుచుండును. ప్రక్కన ప్రత్యేకాసనమున కూర్చున్న త్రాగుబోతు ఆ ప్రదర్శనమునకు అడ్డుతగులుచు, దొర్లుచు, లేచుచు జనమును నవ్వించును. అనగా, చాప్లిన్ ధరించినది ఒక ప్రేక్షకుని వేషమే. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

1913 లో ఆ సమాజము అమెరికాలో పర్యటించుచుండగా, ఫిలడెల్ఫియా నగరమున వారి మేనేజరునకు ఒక తంతి వచ్చెను. "చాఫిన్" అనియో, అటువంటి పేరుతోనో మీ సమాజములో ఎవరైన నున్నారా అని దానిలోని విచారణ. పిలిచినవారు న్యాయవాదులై యుందురనియు, చుట్టములెవరో ఆస్తి వ్రాసి పోయి యుందురనియు చాప్లిన్ తొలుత ఆశపడెను. తీరా న్యూయార్కు పోయి చూడగా వారు కీస్టోన్ హాస్యచిత్రముల సంస్థ యజమానులు. వారమునకు 150 డాలర్ల జీతము, ఒక సంవత్సరపు ఒడంబడిక. కార్నో సమాజమున ఆయనకు ముట్టుచుండినదానికి ఇది రెండింతలు.

ఆయన సంతకము చేసెను. అయితే సినిమాపై మోజుతో చేసినది కాదు. ఒక సంవత్సరము తెరపై కనబడినచో పేరు వచ్చును, ఆ పేరుతో మరల వేదికకు పెద్దనటుడుగా తిరిగి రావచ్చును అని ఆయన లెక్క. సినిమా ఆయనకు నడుమనున్న మజిలీ; ఊరు నాటకరంగమే. కాని ఆ లెక్కలో ఒక అపాయము కలదు. సంవత్సరము తిరుగకముందే ఇతడు పనికిరాడని చిత్రశాలవారు తేల్చినచో, విడిచి వచ్చిన వేదికపై మరల తలయెత్తుకొని నిలుచుట తేలిక కాదు. వెనుక ఆస్తి లేదు, అండలేదు. చేతనున్నది పెక్కేండ్ల రంగస్థలానుభవ మొక్కటియే. అదియు ఈ క్రొత్తచోట చెల్లుబడి యగునో కాదో తెలియదు.

ఆనాటి హాస్యచిత్రముల స్వరూపమును కొంత తెలిసికొనుట మంచిది. అవి చాలవరకు ఒక రీలు చిత్రములు. రీలనగా ఇంచుమించు వెయ్యి అడుగుల ఫిల్ము. తెరపై పది పదునైదు నిమిషముల ఆట. నేటి లఘుచిత్రముల నిడివియే యనవచ్చును. కెమెరాను చేతితో పిడి పట్టి త్రిప్పుదురు. ధ్వని లేదు, కావలసినచోట నాలుగు మాటలు అచ్చువేసి తెరపై చూపుదురు. కీస్టోన్ సంస్థ 1912 లో స్థాపింపబడెను. దానికి పెద్ద మాక్ సెన్నెట్. ఆయన పద్ధతిలో ముందుగ వ్రాసికొన్న కథ యుండదు. ఏదో ఒక ఊహ తోచగానే దానిని పట్టుకొని పోవుటయే. తుదకు అందఱు అందఱిని తరుముకొనుటతో చిత్రము ముగియును. ఆ పరుగే హాస్యమునకు ప్రాణమని వారి నమ్మకము. నెలల సాధనలో ఆరితేరిన కార్నో నటునికి ఇది ఎంత వింతగ తోచియుండునో ఊహించుకొనవచ్చును.

డిసెంబరులో చాప్లిన్ లాస్ ఏంజెలెస్ చేరెను. సెన్నెట్ ఆయనను చూచి, ఇంత పిన్నవయస్కుడని తలపలేదనెను. వేదికపై ముదుసలి త్రాగుబోతు వేషమున చూచినవాడు గనుక అట్లనుకొనియుండెను. ఎంత వయస్సు కావలెనన్న అంత వయస్సు రంగుపూసి తెప్పింపగలనని చాప్లిన్ బదులు చెప్పెను. మాట ధైర్యముగ పలికినను మనస్సు కుదుటపడలేదు. మఱునాడు చిత్రశాల వఱకు పోయి, వీథికి ఆవలివైపున నిలిచి, మధ్యాహ్న భోజనమునకు గుంపుగ బయటికి వచ్చుచున్న నటీనటులను చూచి, లోపలికి పోవ వెఱచి హోటలునకు తిరిగిపోయెను. రెండవనాడును అట్లే జరిగెను. మూడవనాడు సెన్నెట్ టెలిఫోను చేసి ఏల రాలేదని అడిగిన తరువాత గాని ఆయన లోపల అడుగుపెట్టలేదు. వేలమంది జనము ఎదుట జంకక ఆడినవాడు, జనము లేని చోటికి పోవుటకు జంకెను!

లోపల ఆయన చూచినది మునుపెన్నడును చూడనిది. పైన తెల్లని బట్టలు తెరలుగ కట్టి, వానిగుండ ఎండను మెత్తపఱచి దిగనిచ్చుచుండిరి. ప్రక్కప్రక్కనే మూడు రంగములు. మూటియందును ఒకేసారి మూడు బృందములు పనిచేయుచుండెను. ఒకచోట అరపులు, ఒకచోట తలుపులు పగులగొట్టుట, ఒకచోట సుత్తిదెబ్బలు. నాటకశాలలో నటుడు నోరు విప్పగానే అందఱు మౌనము వహింతురు. ఇచట నటుడు నటించుచుండగా ప్రక్కవాడు మేకు కొట్టుకొనుచుండును. కొన్ని దినములు చాప్లిన్‌కు పనియే చెప్పలేదు. ఆయన ఊరక తిరుగుచు, ఎప్పుడు పిలుతురో, పిలిచినచో ఏమి చేయవలెనో అని మథనపడుచుండెను.

తుదకు పిలుపు వచ్చెను. చిత్రము పేరు "మేకింగ్ ఎ లివింగ్". బ్రతుకుతెరువు చూచుకొనుట అని అర్థము. దర్శకుడు హెన్రీ లేర్మన్. సెన్నెట్ తరువాత అచట ఆయనయే ముఖ్యుడు. తనకు గొప్ప నటులతో పనిలేదనియు, నవ్వులన్నియు యంత్రపు కిటుకులవలనను, ఫిల్మును కత్తిరించి అతుకుటవలనను పుట్టింపగలననియు లేర్మన్ చెప్పుకొనెడివాడని చాప్లిన్ వ్రాసినాడు. నటునివలననే నవ్వు పుట్టునని చిన్ననాటనుండి నమ్మినవాడొకడు. కత్తెరవలన పుట్టునని నమ్మినవాడింకొకడు. ఆ చిత్రమునందలి అసలు పోరాటము ఇదియే.

కథ చిన్నది. పొడుగుటోపీ, పొడవుకోటు, ఒంటికంటి అద్దము, వ్రేలాడు మీసము గల ఒక దొంగ పెద్దమనిషి ఒక పత్రికా విలేఖరియొద్ద డబ్బు గుంజును. ఆతని ప్రేయసినే వలలో వేసికొనజూచును. పత్రికలో పనికి ప్రయత్నించును. ఒక మోటారుకారు ప్రమాదమును విలేఖరి ఫోటో తీయగా, ఆ కెమెరాను ఎత్తుకొనిపోయి తన ఘనతగ పత్రికలో అచ్చువేయించును. విలేఖరి వేషము వేసినవాడు లేర్మనే. దొంగ పెద్దమనిషి చాప్లిన్. పత్రికాసంపాదకుని గదిలో జరుగు సన్నివేశమున చాప్లిన్ తనకు తోచిన హాస్యమంతయు కుమ్మరించెను. తన వేషమునకే గాక తోడినటులకును చమత్కారములు సూచించెను. చిత్రము మూడు దినములలో ముగిసెను. కొన్ని ఘట్టములు బాగుగ పండినవనియే ఆయన తలచెను.

పూర్తియైన చిత్రమును చూచినప్పుడు ఆయన గుండె పగిలెను. తాను చేసిన ప్రతి చమత్కారమును నడుమకు కత్తిరించివేసిరి. నవ్వు పుట్టుటకు కావలసిన పూర్వరంగము ఉన్నచోట ఫలితము లేదు. ఫలితము ఉన్నచోట పూర్వరంగము లేదు. తాను చేసినది ఇదియేనా అని గుర్తుపట్టలేని స్థితి. లేర్మన్ ఆ పని కావలెననియే చేసెననియు, ఈ క్రొత్తవాడు అన్నియు తెలిసినవానివలె మెలగుటయే దానికి కారణమని తరువాతి కాలమున ఒప్పుకొనెననియు చాప్లిన్ వ్రాసినాడు. ఇది ఒక పక్షపు మాటయే యని జ్ఞాపకముంచుకొనుట న్యాయము. చిత్రము 1914 ఫిబ్రవరి 2 న విడుదలయ్యెను. "మూవింగ్ పిక్చర్ వరల్డ్" అను వ్యాపారపత్రిక, పేరు చెప్పకుండగనే, మోసగాని వేషధారి మొదటి తరగతి హాస్యనటుడని మెచ్చుకొనెను. అంతటి కత్తెరకోతలోనుండియు ఏదో మిగిలినదన్నమాట. కాని నటునికి తృప్తి లేదు.

ఆ అసంతృప్తికి మూలమేమో ఆలోచింపవలెను. వేదికపై తెర లేచినది మొదలు తెర పడువరకు నటుడు తన నటనకు తానే యజమానుడు. ఎంతసేపు ఆగవలెనో, ఎప్పుడు తిరుగవలెనో నిర్ణయించువాడు అతడే. ఆగిన క్షణమున జనము నవ్వినచో ఇంకొంత ఆగును. నటించుటయు, నటన జనమును చేరుటయు ఒకే క్షణమున జరుగును గనుక నడుమ మఱియొకనికి చోటు లేదు. చలనచిత్రమున ఈ రెంటి నడుమ వారములు గడచును. ఆ వ్యవధిలో ఒక బల్ల, ఒక కత్తెర, దానిని పట్టిన ఒక చేయి వచ్చి కూర్చుండును. నటుడు ఇచ్చినది ముడిసరుకు. జనము చూచునది ఆ చేతి పని. ఇదియే ఆయన తొలిచిత్రమున నేర్చిన కఠోరసత్యము.

నేర్చి ఆయన రెండు మార్గములు త్రొక్కలేదు: అలిగి వేదికకు తిరిగిపోలేదు, విధి యని చేతులు కట్టుకొని కూర్చుండలేదు. కత్తెర ఎక్కడ పడునో గమనించెను. సన్నివేశపు నడుమనున్న హాస్యమును తీసివేయుట తేలిక. అటునిటు అతికినచో కథ నడచిపోవును. కాని పాత్ర గదిలోనికి వచ్చుటను, గదినుండి పోవుటను తీసివేయుట కష్టము. తీసివేసినచో మనిషి ఎట్లు వచ్చెనో, ఎట్లు పోయెనో చూచువారికి బోధపడదు. కనుక అటుపైన ఆయన తన చమత్కారములను వాకిటనే పెట్టసాగెను. లోనికి వచ్చునప్పుడొకటి, బయటికి పోవునప్పుడొకటి. పంటను కళ్లమున నడుమ వదలక గాదెలో దాచుకొను రైతు తెలివి వంటిది ఇది. కార్నో సమాజములో నేర్చిన ప్రవేశ నిష్క్రమణముల విద్యయే ఇచట రక్షగ నిలిచెను.

కెమెరా వ్యాకరణమును గూడ ఆయన ఆ దినములలోనే నేర్చుకొనెను. ఒక సీనులో ఎడమవైపునకు పోయినవాడు తరువాతి సీనులో కుడివైపునుండి రావలెను. కెమెరా వైపు నడచి పోయినవాడు తరువాత కెమెరాకు వీపు చూపుచు ప్రవేశింపవలెను. లేనియెడల చూచువారికి మనిషి పోయినచోటికే తిరిగివచ్చినట్లు తోచును. వేదికపై ఇట్టి చిక్కులేదు. ప్రేక్షకుడు కూర్చున్నచోటనే యుండును. చిత్రమున ప్రేక్షకుని కన్ను కెమెరాతోపాటు తిరుగును.

ఇక, పోగొట్టుకొన్న ప్రేక్షకుల మాట. కొలది దినములలోనే సెన్నెట్ "మేబెల్స్ స్ట్రేంజ్ ప్రెడికమెంట్" అను చిత్రమునకు, హోటలు ముందుగది సన్నివేశమున హాస్యము చాలలేదని, ఏదైన నవ్వు వేషము వేసికొని రమ్మని చాప్లిన్‌ను పంపెను. ఆయన వదులు లాగు, బిగుతు కోటు, చిన్నటోపీ, పెద్దబూట్లు, చేతికఱ్ఱ ఏరుకొనెను. అన్నియు ఒకదానికొకటి పొసగనివి. తన వయస్సు తక్కువని సెన్నెట్ అన్నమాట మనస్సున నుండెను గనుక చిన్న మీసము తగిలించుకొనెను. అది వయస్సును పెంచును, ముఖములోని భావమును కప్పదు. ఈ వేషముతో ముందుగదిలోనికి వచ్చి, ఒక స్త్రీ పాదమునకు తట్టుకొని, తిరిగి టోపీ యెత్తి క్షమాపణ చెప్పెను. మఱల తమ్మపడిగకు తట్టుకొని, దానికిని టోపీ యెత్తి క్షమాపణ చెప్పెను.

కెమెరా వెనుక నవ్వు పుట్టెను. ప్రక్కరంగముల పనివారు, వడ్రంగులు, దుస్తులవారు, ఇతరచిత్రముల నటులు పని విడిచి గుమిగూడిరి. ఆ సంస్థలో ప్రసిద్ధనటుడైన ఫోర్డ్ స్టెర్లింగ్ సైతము జనము భుజములపైనుండి తొంగిచూచెను. చాప్లిన్ కోల్పోయిన సభ సుత్తులు, రంపములు చేతబట్టుకొని తిరిగి వచ్చెను. మేకులు కొట్టువాడు మేకు కొట్టుట మాని నవ్వినాడనిన అంతకు మించిన చప్పట్లు లేవు. ఆ నవ్వునుబట్టి ఆయన ఆగెను, సాగెను, వేదికపై చేసినట్లే చేసెను. సీను డెబ్బదియైదు అడుగులు సాగెను. మామూలుగ అట్టి హాస్యదృశ్యము పది అడుగులకు మించదు. దీనిని ఇట్లే ఉంచవలెనా, కత్తిరింపవలెనా యని సెన్నెట్, లేర్మన్‌లు తర్జనభర్జన పడిరి. నవ్వు వచ్చుచుండగా నిడివితో పనియేమని చాప్లిన్ వాదించెను. ఈసారి కత్తెర ఓడిపోయెను.

ఆ వేషము మొదట జనమునకు కనబడినది మఱియొక చిత్రమున. 1914 ఫిబ్రవరి 7 న విడుదలయిన "కిడ్ ఆటో రేసెస్ ఎట్ వెనిస్" అనునది అరరీలు చిత్రము. ఆఱేడు నిమిషముల ఆట. మిగిలిన అరరీలు ఒలీవపండ్లను, వాని నూనెను గూర్చిన విజ్ఞానచిత్రము. వెనిస్ అనగా ఇచట లాస్ ఏంజెలెస్ దాపునగల సముద్రతీరపు ఊరు. అచట పిల్లల బొమ్మకార్ల పందెములు నిజముగనే జరుగుచుండగా, చూడవచ్చిన నిజమైన జనము నడుమ చిత్రము తీసిరి. కథ యేమనగా, పందెమును చిత్రించుచున్న కెమెరాకు ఒక బికారి అడ్డము వచ్చుచుండును. త్రోసివేసినను మరల వచ్చును. అటు తిరిగిన అటు, ఇటు తిరిగిన ఇటు, తన ముఖము చిత్రములో పడవలెనని ఆతని ఆరాటము. అంతే కథ.

కార్నో వేదికపై ప్రదర్శనమునకు అడ్డుతగులు త్రాగుబోతును ఇప్పుడు జ్ఞాపకము చేసికొనవలెను. ఆ పాత్రయే దుస్తులు మార్చుకొని వెనిస్ వీథికి వచ్చినది. అచట వేదికకు అడ్డు; ఇచట కెమెరాకు అడ్డు. రంగస్థలమున గడించిన సొత్తును పాఱవేయక, దానిని క్రొత్త యంత్రమునకు తగినట్లు మలచుకొనుట యనగా ఇదియే. వీథిలో నిలిచిన జనమునకు ఇతడెవరో తెలియదు. ఎవడో పిచ్చివాడనుకొని మొదట వింతగ చూతురు. పిదప ఒకరొకరే నవ్వుదురు. ఆ చూపులు, ఆ నవ్వులు చిత్రమున నేటికిని కనబడును. లోకమంతయు తరువాత ఎరిగిన ఆ బికారిని మొట్టమొదట చూచి నవ్విన ప్రేక్షకులు నటునితోపాటు ఒకే ఫిల్ముపై నిలిచిపోయిరి. ఏ నాటకశాలయు తన ప్రేక్షకులను ఇట్లు నిలుపుకొనలేదు.

ఆ తరువాతి వృత్తాంతము సంక్షేపముగ చెప్పవచ్చును. దర్శకులతో తగవులు వచ్చినవి, పంపివేయుదురన్నంతవరకు పోయినది. ఇంతలో ఈ నటుని చిత్రములు ఇంకను కావలెనని న్యూయార్కునుండి కబురు వచ్చుటతో సెన్నెట్ మెత్తబడెను. తన చిత్రమునకు తానే దర్శకత్వము వహింతునని చాప్లిన్ కోరెను. చిత్రము విడుదలకు తగనిదైనచో తాను కూడబెట్టుకొన్న 1,500 డాలర్లను నష్టపరిహారముగ ఇత్తునని పూచీపడెను. దక్షిణ లండను పేదవాడనుండి వచ్చినవానికి అది సర్వస్వము. కత్తెర తనచేతికి వచ్చుటకు ఆయన చెల్లింపనెంచిన వెల అది. ఆ డబ్బు చెల్లింపవలసిన అవసరము రాలేదు. 1914 వ సంవత్సరమున ఆయన నటించిన చిత్రములు 36. ఏడాది తిరుగునప్పటికి మఱియొక సంస్థ ఆయనను వారమునకు 1,250 డాలర్లపై పిలుచుకొనిపోయెను. సంవత్సరాంతమున వేదికకు తిరిగిపోవలెనను లెక్క అంతటితో చెరిగిపోయెను.

ఇట్టి పరీక్ష మన నటులకును వచ్చినది. 1932 లో విడుదలయిన తొలి తెలుగు వాక్చిత్రము "భక్త ప్రహ్లాద" లో లీలావతి పాత్ర ధరించినది సురభి వేదికపై పెరిగిన కమలాబాయి. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున బొంబాయిలో తీసిన చిత్రమది. చాప్లిన్‌కు మాటలేదు, వీరికి మాటయు పద్యమును కలవు. కాని చిత్రశాలలో పద్యమునకు "వన్స్‌మోర్" లేదు. పాడినది జనమునకు నచ్చినదో లేదో ఎన్నో దినములకు గాని తెలియదు. ఆ మౌనమును సహించి నిలిచిన రంగస్థల నటీనటులవలననే తెలుగు చిత్రమునకు మాట వచ్చినది.

నేడు చేతిఫోనుతో లఘుచిత్రములు తీయు యువకులు ప్రతి ఊరను కలరు. వారు ఊరి నాటకనటుని యొద్దకు వచ్చి, "బాబాయిగారూ, ఒక్క సీను చేసిపెట్టండి" అని అడుగుటయు కద్దు. ముప్పది యేండ్లు శ్రీకృష్ణుడుగ, దుర్యోధనుడుగ పేరుగన్నవాడు అరచేతియంత ఫోను ముందు నిలిచి తడబడును. గొంతు పెంచిన "తగ్గించండి" అందురు. చేయి ఆడించిన "వద్దు" అందురు. పది నిమిషములలో అతనికి తన విద్యపై నమ్మకము సడలును. అట్టివానికి చాప్లిన్ అనుభవము ధైర్యము చెప్పును. ఆయనయు వీథి దాటి లోపలికి పోవుటకు రెండు దినములు వెఱచినవాడే. ఆయన తొలిచిత్రమును చూచుకొని దుఃఖించినవాడే.

అట్టి నటుడు నేర్వవలసినవి కొలదియే. కెమెరా ఎక్కడున్నదో, అది ఎంతవరకు చూచునో మొదట అడిగి తెలిసికొనవలెను. దూరమునుండి చూచు పొలిమేర ప్రేక్షకునికై పెంచిన గొంతును, చేష్టను అంతకు తగినట్లు కుదించుకొనవలెను. ఒక్క కనుబొమ్మ కదలిక చాలునన్నచోట చేయి యెత్తనక్కరలేదు. అతికించువాని పనియేమో చూచి నేర్చుకొనవలెను. తన నటనలో ముఖ్యమైనదానిని తీసివేయరాని చోట నిలుపుకొనవలెను. ప్రేక్షకుడు ఎదుట లేడని ఏడువక, దీపము పట్టుకొన్న కుఱ్ఱవానిలోనో, టీ తెచ్చినవానిలోనో ఆతనిని వెదుకుకొనవలెను. ఇక యువకులకును ఒక మాట కలదు. ఏండ్ల తరబడి జనము ఎదుట నిలిచి నేర్చినవాని సూచనను వినుట చిన్నతనము కాదు. చేతిలో కత్తెర యున్నది గదా యని తొందరపడి కోసినచో, కోసివేసినది తరువాత అతుకుకొనదు.

"మేకింగ్ ఎ లివింగ్" చిత్రము నేటికిని నిలిచియున్నది, చూడగోరువారు చూడవచ్చును. కాని సంపాదకుని గదిలో ఆయన మూడు దినములు కుమ్మరించిన హాస్యములో తెగిపడిన తునకలు లేవు. కార్నో వేదికపై వందలరాత్రులు ఆడిన త్రాగుబోతు వేషమును ఆనాడు చూచినవారు పోయిరి; వారితో ఆ రాత్రులును పోయినవి. ఆయన గడపలయొద్ద దాచుకొన్న చమత్కారములు మాత్రము దక్కినవి. తలుపు త్రోసికొని వచ్చుచు, టోపీ యెత్తి, మూల తిరుగునప్పుడు ఒంటికాలిపై జారి, చేతికఱ్ఱ త్రిప్పుకొనుచు పోవు ఆ బికారిని 1977 డిసెంబరు 25 న ఆయన కన్నుమూసిన తరువాతను పిల్లలు చూచి నవ్వుచునే యున్నారు.